అంకె నిజము, బొమ్మ అబద్ధము
వార్తాపత్రికల రేఖాపటములపై ఒక విమర్శ

“ప్రత్యక్షమునకు ప్రమాణ మక్కరలేదు” అని మన వాడుక. కంటితో చూచినదానిని మరియొకరు ఋజువు చేయ నక్కరలేదని దీని భావము. వార్తాపత్రికలలో అచ్చగు రేఖాపటములకు గౌరవము కలుగుటకు ఈ నమ్మకమే కారణము. పత్రికలో ఒక వాక్యమును చదివినపుడు “ఇది విలేఖరి అభిప్రాయమేమో” అని సందేహింతుము. అంకెల పట్టికను చూచినపుడు “ఈ లెక్క ఎవరు వేసిరో” అని అడుగుదుము. కాని ఒక కమ్మీ పక్కన దానికి అయిదింతల ఎత్తుగల కమ్మీ నిలిచియున్నచో, “అయిదింతలైనది” అని మనస్సు తనకు తెలియకయే నిశ్చయించుకొనును. అంకెను చదువుటకు ముందే కన్ను తీర్పు చెప్పివేయును.

అయితే రేఖాపటము ప్రత్యక్షము కాదు. అది ఒకరు గీసిన బొమ్మ. ఏ లెక్కను తీసికొనవలెను, కొలతను ఎక్కడ మొదలుపెట్టవలెను, ఏది ముందు, ఏది వెనుక, ఏ రంగు, ఎంత వెడల్పు అను నిర్ణయములు చేసినవారు ఒకరున్నారు. ఈ వ్యాసమున పేరుపడిన కొన్ని పటములను తీసికొని ఆ నిర్ణయములను పరీక్షింతము. నేను ఎన్నుకొన్న పటముల దోషము అంకెలలో లేదు, గీతలలో ఉన్నది. అందుచేతనే వీనిని పట్టుకొనుట కష్టము.

గీతకును అంకెకును గల ఒప్పందము

1786లో విలియం ప్లేఫెయిర్ అను స్కాట్లండు దేశీయుడు ఇంగ్లండు వాణిజ్యమును గూర్చి ఒక పటముల గ్రంథమును ప్రచురించెను. దేశపు ఎగుమతులను, దిగుమతులను రేఖలుగాను, కమ్మీలుగాను గీసి చూపుట ఈ గ్రంథముతో ప్రచారములోనికి వచ్చెను. 1801లో వృత్తమును ముక్కలుగా విభజించి మొత్తములోని భాగములను చూపు పద్ధతిని గూడ ఆయనయే ప్రవేశపెట్టెను. గంటలకొలది పట్టికలను చదివి గ్రహింపవలసిన విషయమును కన్ను ఒక్క నిమిషములో గ్రహించునని ఆయన విశ్వాసము.

ఈ విశ్వాసము వెనుక ఒక ఒప్పందమున్నది. పొడుగు రెండింతలైనచో పరిమాణము రెండింతలు. పొడుగు సగమైనచో పరిమాణము సగము. పాఠశాలలో గ్రాఫు కాగితపు మూలను “స్కేలు: 1 సెంటీమీటరు = 10 టన్నులు” అని ఉపాధ్యాయుడు వ్రాయించుట ఈ ఒప్పందమును వ్రాతలో పెట్టుటయే. ఆ పంక్తి వ్రాయని విద్యార్థికి మార్కులు తగ్గింతుము. అదే తప్పును పత్రిక చేసినపుడు మాత్రము మనము గమనింపము.

కన్ను అన్ని కొలతలను సమానముగా చదువలేదన్న సంగతి గూడ జ్ఞాపకముంచుకొనవలెను. 1984లో విలియం క్లీవ్‌లండ్, రాబర్ట్ మెక్‌గిల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ విషయమున తాము చేసిన ప్రయోగములను ప్రకటించిరి. ఒకే కొలబద్దపైనున్న స్థానములను మనము బాగుగా పోల్చగలము. కోణములను పోల్చుటలో ఎక్కువ తప్పుదుము. వైశాల్యములను, ఘనపరిమాణములను పోల్చుటలో ఇంకను తప్పుదుము. కనుక బొమ్మ గీయువాడు ఏ కొలతను ఎన్నుకొన్నాడో అన్నదానిపై పాఠకుని తీర్పు చాల వరకు ఆధారపడియుండును.

పాదములు నరికిన కమ్మీలు

2012లో అమెరికాలో ఆదాయపు పన్నును గూర్చి వాదములు జరుగుచుండెను. అధ్యక్షుడు బుష్ కాలమున తగ్గించిన పన్నుల గడువు తీరినచో, అత్యధిక ఆదాయములపై రేటు 35 శాతము నుండి 39.6 శాతమునకు పెరుగవలసియుండెను. ఫాక్స్ న్యూస్ అను టెలివిజన్ సంస్థ దీనిని రెండు కమ్మీలుగా చూపెను. నిలువు అక్షము సున్న వద్ద గాక 34 వద్ద మొదలయ్యెను. ఫలితమేమి? మొదటి కమ్మీ ఎత్తు 35 − 34 = 1 భాగము. రెండవదాని ఎత్తు 39.6 − 34 = 5.6 భాగములు. చూచువాని కంటికి పన్ను అయిదున్నర రెట్లు దాటి పెరిగినట్లు తోచును. నిజమునకు 39.6ను 35తో భాగించినచో 1.13 వచ్చును, అనగా నూటికి 13 వంతుల పెరుగుదల.

“అంకెలను కమ్మీలపైననే వేసితిమి గదా, చదువుకొనవలసినది పాఠకుడే” అని ఇట్టి పటములను సమర్థించువారు చెప్పుదురు. ఈ సమర్థన నిలువదు. పాఠకుడు అంకెలనే చదివి తెలిసికొనవలసినచో, బొమ్మ వేయుట ఎందులకు? బొమ్మ వేసినది కంటి తీర్పు కొరకు. ఆ తీర్పును తప్పుదారి పట్టించి, అంకె పక్కననే ఉన్నదనుట, తక్కెడలో ఒక పక్క రాయి కట్టి, తూకపురాళ్ళ మీది అచ్చును చూచుకొమ్మనుట వంటిది.

అట్లని సూక్ష్మమైన భేదములను చూపరాదని కాదు. 4.6 శాతాంశముల పెరుగుదల ముఖ్యమైనదే కావచ్చును. అట్టిచో ఆ పెరుగుదలనే వేరుగా చూపవచ్చును, లేదా కమ్మీలకు బదులు బిందువులను పెట్టవచ్చును. కమ్మీ అనునది పాదము నుండి తల వరకు తన పొడుగుతో మాటలాడును. పాదములు నరికిన తరువాత ఆ పొడుగునకు అర్థము లేదు.

సున్న పెట్టినను తప్పే

ఇంతవరకు చదివిన విద్యార్థి “కొలతను సున్న నుండి మొదలుపెట్టిన పటము నిజము, లేనిది అబద్ధము” అని ఒక సూత్రమును వ్రాసికొనవచ్చును. చాలమంది విమర్శకులు గూడ ఇచ్చటనే ఆగిపోవుదురు. ఈ సూత్రము చాలదు.

2015 డిసెంబరులో నేషనల్ రివ్యూ అను అమెరికా పత్రిక భూగోళపు సగటు ఉష్ణోగ్రతలను చూపు ఒక రేఖాపటమును ప్రచారము చేసెను. వాతావరణ మార్పును గూర్చి చూడదగిన పటము ఇది ఒక్కటేనని దానికి వ్యాఖ్య. అక్షము ఫారన్‌హీట్ మానములో −10 నుండి 110 వరకు పోయెను. సున్న ఉన్నది, సున్నకు దిగువ గూడ ఉన్నది. నూరేండ్లకు పైబడిన ఉష్ణోగ్రతలు ఆ విశాలమైన అక్షముపై చదునైన గీతగా కనబడెను. “ఏమియు మారలేదు” అని కన్ను తీర్పు చెప్పును.

ఈ పటములోని దోషమును ఇంటిలోని జ్వరమాని చెప్పగలదు. మనిషి దేహపు సహజోష్ణము రమారమి 98.6 డిగ్రీల ఫారన్‌హీట్. 104 అయినచో ఇల్లంతయు కంగారుపడును. అయినను −10 నుండి 110 వరకు గల అక్షముపై ఈ రెండు అంకెలను గుర్తించినచో వాని మధ్య భేదము అక్షపు పొడుగులో ఇరువదవ వంతుకంటె తక్కువ. అట్టి పటమును చూచి ఏ తల్లియు బిడ్డకు జ్వరము వచ్చినదని తెలిసికొనజాలదు. అందుచేతనే పాదరసపు జ్వరమానిపై గుర్తులు సుమారు 94 వద్ద మొదలై 108 వద్ద ముగియును. దీనిని ఎవరును మోసమనరు.

భూగోళపు సగటు ఉష్ణోగ్రత 19వ శతాబ్ది ఉత్తరార్ధముతో పోల్చినచో 2015 నాటికి రమారమి 1 డిగ్రీ సెల్సియస్ పెరిగియుండెను. హిమానీనదములకు, సముద్రమట్టమునకు, పంటలకు ఈ ఒక్క డిగ్రీ పెద్దది. పైగా ఫారన్‌హీట్ మానములోని సున్న “ఉష్ణము లేదు” అను అర్థమును ఈయదు. అది కొలత కొరకు ఏర్పరచుకొన్న ఒక గుర్తు మాత్రమే. పన్ను సున్న అనగా పన్ను లేదని అర్థము. ఉష్ణోగ్రత సున్న డిగ్రీలనగా అట్టి అర్థము లేదు. కనుక సూత్రమును ఇట్లు సవరింపవలెను: పొడుగుతో మాటలాడు కమ్మీకి సున్న అవసరము. ఎగుడుదిగుడులతో మాటలాడు రేఖకు, ఆ విషయమున ఎంత మార్పు గణనీయమో అంత కనబడునట్టి అక్షము అవసరము. ఎంత మార్పు గణనీయమో గణితము ఒక్కటే చెప్పదు. వైద్యుడు, వాతావరణ శాస్త్రజ్ఞుడు, అర్థశాస్త్రజ్ఞుడు చెప్పవలెను. పత్రిక వారిని అడిగి గీయవలెను.

అలంకారము వలన కలుగు అపాయము

దురుద్దేశము లేకయు పటము చెడిపోవచ్చును. 1978 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక మోటారుకార్ల ఇంధనపు పొదుపును గూర్చి ఒక బొమ్మను అచ్చువేసెను. కారు ఒక గాలను ఇంధనముతో నడువవలసిన దూరమును ప్రభుత్వము 1978కి 18 మైళ్ళుగాను, 1985కి 27.5 మైళ్ళుగాను నిర్ణయించెను. చిత్రకారుడు దీనిని దూరము నుండి మన వైపు వచ్చుచున్న రహదారిగా గీసెను. దూరముననున్న 18 మైళ్ళ గీత పొడుగు 0.6 అంగుళము, దగ్గరనున్న 27.5 మైళ్ళ గీత పొడుగు 5.3 అంగుళములు.

1983లో ఎడ్వర్డ్ టఫ్టీ అను అమెరికా పండితుడు తన గ్రంథములో ఈ బొమ్మను లెక్కకట్టి చూపెను. అంకెలలో పెరుగుదల 53 శాతము. గీతలలో పెరుగుదల 783 శాతము. రెండవదానిని మొదటిదానితో భాగించినచో 14.8 వచ్చును. దీనికి ఆయన అబద్ధపు గుణకమని అర్థము వచ్చు పేరు పెట్టెను. ఆ గుణకము 1 అయినచో పటము నిజాయితీ గలది. ఈ లెక్కకు ఒక కొలబద్ద, త్రైరాశికము తప్ప మరేమియు అక్కరలేదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి గూడ చేయగలడు.

ఇట్టిదే బొమ్మలతో లెక్క చెప్పు పద్ధతి. ధాన్యపు దిగుబడి రెండింతలైనదని చూపుటకు, ఒక బస్తా పక్కన రెండింతల ఎత్తు, రెండింతల వెడల్పు గల బస్తాను గీయుదురు. కాగితముపై దాని వైశాల్యము నాలుగింతలు. బస్తా నిజముగా అంత యున్నదని మనస్సులో ఊహించుకొన్నచో ఘనపరిమాణము ఎనిమిదింతలు. రెండింతలు చెప్పబోయి ఎనిమిదింతలు చెప్పినట్లయినది. అదే పరిమాణముగల రెండు బస్తాలను పక్కపక్కన గీసిన చాలును.

ఈ పొరపాటు గొప్పవారు గూడ చేసిరి, కాని దిద్దుకొనిరి. క్రిమియా యుద్ధములో బ్రిటిషు సైనికులలో అధిక సంఖ్యాకులు గాయములచేత గాక నివారింపదగిన వ్యాధులచేత మరణించిరని నిరూపించుటకు ఫ్లారెన్స్ నైటింగేల్ 1858లో పటములను సిద్ధపరచెను. మొదట వేసిన పటములలో మరణముల ప్రమాణమును కేంద్రము నుండి గీసిన పొడుగులు తెలుపుచుండెను. కాని చూచువారి కన్ను ఆ పొడుగులు చుట్టిన వైశాల్యమునే చదువును. ఆమె ఆ దోషమును గుర్తించి, మరణములకు వైశాల్యములే అనుపాతములో నుండునట్లు కొత్త పటములను గీయించెను. తన పక్షమునకు బలము చేకూర్చు దోషమునైనను ఆమె ఉంచుకొనలేదు. పత్రికలవారు ఆమె పటములను పొగడినంతగా ఈ సవరణను పొగడుట లేదు.

తలక్రిందులు, వెనుకముందులు

చదువరికి కొన్ని అలవాట్లున్నవి. పైకి పోయిన గీత పెరుగుదల. కుడివైపు పోయిన కొలది తరువాతి కాలము. ఇవి వ్రాయబడని నియమములు. వీనిని ఉల్లంఘించినవారు చదువరిని హెచ్చరింపవలెను.

2014లో రాయిటర్స్ వార్తాసంస్థ అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున తుపాకులచేత జరిగిన హత్యలను చూపు పటమును ప్రకటించెను. ఆత్మరక్షణకై ఆయుధము వాడుటకు ఎక్కువ అవకాశమిచ్చు చట్టము ఆ రాష్ట్రమున 2005లో వచ్చెను. ఆ తరువాత హత్యలు పెరిగెను. కాని ఆ పటమున సున్న పైనను, పెద్ద అంకెలు క్రిందను ఉండెను. ఎర్రరంగు పైనుండి క్రిందికి నెత్తురు కారినట్లు కనబడవలెనని చిత్రించిన వ్యక్తి ఉద్దేశము. ఫలితము విపరీతమయ్యెను: చట్టము వచ్చిన వెంటనే గీత దిగిపోయినట్లు, హత్యలు తగ్గినట్లు అనేకులు చదివిరి. చిత్రించినవారి ఉద్దేశము మంచిదే. పాఠకునికి చేరినది మాత్రము అబద్ధము. కనుక పటమును విమర్శించునపుడు “మోసగింప దలచిరా?” అని అడుగుట కంటె “పాఠకుడు ఏమి గ్రహించెను?” అని అడుగుట మేలు.

రెండవ ఉదాహరణ ఇంకను విచారకరమైనది. 2020 మే నెలలో అమెరికాలోని జార్జియా రాష్ట్రపు ప్రజారోగ్య శాఖ, కోవిడ్ వ్యాధి ఎక్కువగానున్న అయిదు జిల్లాలలో రోజువారీ కేసులను కమ్మీలుగా చూపెను. కమ్మీలు ఎడమ నుండి కుడికి మెట్లవలె దిగుచుండెను. వ్యాధి తగ్గుముఖము పట్టినదని ఎవరైనను అనుకొందురు. అడుగున చిన్న అక్షరములలోని తేదీలను చదివినచో, మే 1 తరువాత ఏప్రిల్ 30 వచ్చియుండెను! రోజులను కాలక్రమమున గాక, కమ్మీల ఎత్తులను బట్టి పేర్చిరి. విమర్శలు వచ్చిన పిమ్మట అధికారులు క్షమాపణ చెప్పి పటమును సవరించిరి. కాని ఆ రాష్ట్రమున దుకాణములు తిరిగి తెరచుచున్న దినములవి. ఇల్లు విడిచి బయటకు పోవచ్చునా అని ప్రతి కుటుంబమును ఆలోచించుచున్న సమయమున ఈ బొమ్మ వారి ముందున్నది. పటములోని తప్పు కాగితము మీదనే నిలిచిపోదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

భూమికి ఓటు లేదు

ఎన్నికల ఫలితములు వచ్చిన మరునాడు పత్రికలు దేశపటమును పార్టీల రంగులతో నింపును. ఏ రంగు ఎక్కువ పరచుకొన్నదో ఆ పార్టీకి అంత బలమున్నట్లు కన్ను గ్రహించును. కాని రంగు నింపినది భూమిని. ఓటు వేసినది మనుష్యులు.

మన దేశమున వైశాల్యముచేత మిక్కిలి పెద్ద లోక్‌సభ నియోజకవర్గము లడఖ్. 2019 ఎన్నికలలో అచ్చట ఓటర్లు రెండు లక్షలకు లోపు. అదే ఎన్నికలలో హైదరాబాదు నగరము పక్కనున్న మల్కాజిగిరి నియోజకవర్గమున 31 లక్షలకు పైబడిన ఓటర్లుండిరి; ఓటర్ల సంఖ్యచేత అది దేశములో మొదటిది. దేశపటముపై లడఖ్ అరచేయి అంత కనబడినచో మల్కాజిగిరి ఆవగింజయంత. లోక్‌సభలో రెండింటికిని ఒక్కొక్క స్థానమే. స్థానములను చూపదలచినచో ప్రతి నియోజకవర్గమునకు ఒకే పరిమాణముగల చదరమును గీయవచ్చును. కొన్ని పత్రికలు అట్లు చేయుచున్నవి. తక్కినవి గూడ అనుసరించుట మంచిది.

సరిగా గీసిన పటము గూడ

చివరకు గీతలలో ఏ దోషమును లేని పటమును తీసికొందము. 1991–2001 దశాబ్దములో భారతదేశపు జనాభా 21.5 శాతము పెరిగెను. 2001–2011 దశాబ్దములో 17.7 శాతము పెరిగెను. ఈ రెండు అంకెలను సున్న నుండి నిజాయితీగా కమ్మీలుగా గీసినను రెండవది పొట్టిదగును. దానిపై “జనాభా తగ్గుముఖము” అని శీర్షిక పెట్టినచో అది అబద్ధము. జనాభా 84.6 కోట్ల నుండి 102.9 కోట్లకు, అచ్చటి నుండి 121.1 కోట్లకు పెరిగెను. రెండు దశాబ్దములలోను చేరినవారి సంఖ్య ఇంచుమించు సమానము; రమారమి 18 కోట్ల చొప్పున. తగ్గినది జనాభా కాదు, పెరుగుదల రేటు. మరియొక పత్రిక మొత్తము జనాభాను మాత్రమే గీసి “ఆగని పెరుగుదల” అని వ్రాసినచో, రేటు తగ్గిన సంగతిని దాచినట్లగును. రెండు పటములును పక్కపక్కన ఉండవలెను. ఏది చూపిరో తెలిసికొనుటతోపాటు ఏది చూపలేదో అడుగుట గూడ చదువరి విధి.

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును ఒక్క పీరియడులో చేయింపవచ్చును. జనాభా లెక్కల ప్రకారము మన దేశపు అక్షరాస్యత 2001లో 64.8 శాతము, 2011లో 73.0 శాతము. సగము తరగతి ఈ రెండు అంకెలను సున్న నుండి మొదలుపెట్టి, 1 సెంటీమీటరు = 10 శాతము చొప్పున గీయవలెను. కమ్మీలు 6.5, 7.3 సెంటీమీటర్లగును. తక్కిన సగము 60 నుండి మొదలుపెట్టి, 1 సెంటీమీటరు = 2 శాతము చొప్పున గీయవలెను. కమ్మీలు 2.4, 6.5 సెంటీమీటర్లగును. పిదప అంకెలు చెప్పక రెండు బొమ్మలను మరియొక తరగతి వారికి చూపి, అక్షరాస్యత ఎన్ని రెట్లయినదని అడుగవలెను. వచ్చు సమాధానములే ఈ వ్యాసమంతటి కంటె మంచి పాఠము.

ఆ తరువాత పత్రికలోని ఏ పటమునైనను ముందుంచుకొని ఈ ప్రశ్నలు వేయవచ్చును. అక్షము ఎక్కడ మొదలైనది, అట్లు మొదలగుటకు కారణమేమి? కన్ను పోల్చుచున్నది పొడుగునా, వైశాల్యమునా? కాలము క్రమముగా, సమానమైన ఎడముతో నడచుచున్నదా? చూపినది మొత్తమా, రేటా, తలసరియా? ముందు వెనుకల సంవత్సరములను ఎందుకు విడిచిరి? అంకెలు ఎవరివి?

ఈ ప్రశ్నలను మొదట మన పాఠశాల గోడ మీదనే వేయుట న్యాయము. ఉత్తీర్ణత నిరుడు 91 శాతము, ఈ యేడు 94 శాతము అనుకొందము. 90 నుండి కమ్మీలు గీసి నాలుగింతల అభివృద్ధిని వార్షికోత్సవములో ప్రదర్శించు ఉత్సాహము మనకును కలుగవచ్చును. ఆ బొమ్మను రంగులు వేసి నింపునది మన విద్యార్థియే. మరునాడు పత్రికలోని పటమును ప్రశ్నింపుమని అతనికి చెప్పుటకు మనకు నోరెట్లు వచ్చును?

మన విద్యార్థులు కొలది సంవత్సరములలో ఓటర్లగుదురు. ధరలను, పన్నులను, వ్యాధులను, పంటలను గూర్చి వారికి చేరు సమాచారములో ఎక్కువ భాగము బొమ్మల రూపమున చేరును. పత్రికలు అన్నియు మారువరకు వారు వేచియుండలేరు. చేతిలో ఒక కొలబద్ద ఉన్నది. త్రైరాశికము మనము నేర్పియే యున్నాము. ఆ రెండింటిని ఉదయపు పత్రికపై ఉపయోగించుట ఒక్కటియే నేర్పవలసియున్నది.